లోపం కాదు, సుడి

వరుసగా అమరిన గీతల్లోనో కణాల్లోనో దిశలు కుదరక మెలికపడే చోటును ఇంగ్లీషులో ‘టోపోలాజికల్ డిఫెక్ట్’ అంటారు. దాన్ని తెలుగులోకి తెచ్చేటప్పుడు చేతికి మొదట తగిలే మాట ‘లోపం’. ఆ మాట వినగానే ఏదో తక్కువైందని, ఎక్కడో పొరపాటు జరిగిందని, సరిచేస్తే పోతుందని అనిపిస్తుంది. ఈ విషయంలో ఆ మూడూ తప్పే. మన దగ్గర దీనికి తరతరాలుగా ఉన్న మాట ‘సుడి’. తలమీద సుడి ఉంటుంది, అంగడిలో ఎద్దును కొనేవాళ్లు నుదుటి మీదా వీపు మీదా సుడులు చూస్తారు, వాగులో సుడి తిరుగుతుంది. బొటనవేలి ముద్రలో గుండ్రంగా తిరిగితే చక్రం, ఒక పక్కకు తెరుచుకుంటే శంఖం. ఇవన్నీ ఒకే కుటుంబానికి చెందినవి. ఇన్ని మాటలు ఇంట్లో పెట్టుకుని ‘లోపం’ అని రాయడం వల్ల పిల్లలకు ఆ శాస్త్రం తలకిందులుగా ఎక్కుతోందన్నది నా వాదన.

లోపానికీ సుడికీ తేడా ఎలా తెలుస్తుంది? ఒక రాగి స్ఫటికంలో ఒక పరమాణువు జాగా ఖాళీగా ఉందనుకోండి. అక్కడ ఒక పరమాణువును తెచ్చి పెడితే సరి. పది వరుసల అవతల ఉన్నవాటికి ఆ సంగతే తెలియదు. ఇది లోపం. ఇప్పుడు తలమీది సుడిని దువ్వెనతో పోగొట్టాలని చూడండి. కొబ్బరినూనె రాసి ఎంత అదిమినా అది బెత్తెడు పక్కకు జరుగుతుందేమో గానీ పోదు. దాన్ని నిజంగా తీసేయాలంటే దాని చుట్టూ ఉన్న వెంట్రుకలన్నిటి దిశా, చెవుల దాకా మార్చాలి. సుడి మధ్యలో ఏముందో చూడకుండానే, దానికి దూరంగా ఒక చుట్టు తిరిగొచ్చి అక్కడ సుడి ఉందని చెప్పొచ్చు. చుట్టు చిన్నదైనా పెద్దదైనా, మధ్యలో ఇంకో సుడి పడనంతవరకు లెక్క మారదు. అక్కడికక్కడ చేయి పెట్టి సరిచేయగలిగేది లోపం. దూరం నుంచి కూడా లెక్కకు అందేది, ఆ చోట ఎంత సవరించినా లెక్క చెరగనిది సుడి.

ఆ లెక్క ఎలా వేయాలో బొటనవేలి మీద చూపిస్తాను. స్టాంపు ప్యాడు, తెల్ల కాగితం, ఒక అగ్గిపుల్ల చాలు. వేలిని కాగితం మీద ఊరికే అద్దకండి. గోరు ఈ అంచు కాగితానికి తగిలేలా పెట్టి, ఆ అంచు తగిలేదాకా దొర్లించాలి. ఊరికే అద్దితే మధ్య భాగమే పడుతుంది. మనకు కావలసిన ముక్కోణాలు, అంటే మూడు వైపుల నుంచి వచ్చిన గీతలు కలిసే చోట్లు, వేలికి పక్కల ఉంటాయి. సిరా ఎక్కువైతే గీతల మధ్య సందులు పూడిపోతాయి, కాబట్టి మొదటి అచ్చు వదిలేసి రెండోదో మూడోదో వాడండి. పెద్దవాళ్ల వేలిమీద గీతకూ గీతకూ మధ్య దూరం సుమారు అర మిల్లీమీటరు. అందుకని ఫోనుతో ఫొటో తీసి పెద్దది చేసుకోవడం మేలు.

మీది శంఖమైతే గీతలు ఒక పక్క నుంచి వచ్చి, మధ్యలో వంపు తిరిగి, వచ్చిన పక్కకే పోతాయి. ఆ వంపు కొనను కేంద్రంగా పెట్టుకోండి. అగ్గిపుల్లను గీతల వెంబడి ఉంచి, గడియారానికి ఎదురు దిశలో ఆ కేంద్రం చుట్టూ మెల్లగా జరపండి. పుల్ల ఎప్పుడూ అక్కడున్న గీతకు సమాంతరంగానే ఉండాలి, మధ్యలో ఎత్తి తిప్పకూడదు. మొదలుపెట్టిన చోటికి వచ్చేసరికి మందు ఉన్న తల మొదట చూసిన వైపుకు ఎదురుగా తిరిగి ఉంటుంది. పుల్ల సగం చుట్టు తిరిగింది, అదీ మీరు నడిచిన దిశలోనే. దీని లెక్క +1/2. ఇప్పుడు ముక్కోణం చుట్టూ అలాగే వెళ్లండి. మళ్లీ సగం చుట్టే, కానీ ఎదురు దిశలో. దీని లెక్క −1/2. చక్రంలో రెండు +1/2లు దగ్గర దగ్గరగా ఉంటాయి. అందుకే చుట్టు కాస్త పెద్దదైతే రెండూ లోపల పడి పూర్తి చుట్టు వస్తుంది. ఎక్కువమంది లెక్క తప్పేది ఇక్కడే.

తలమీది సుడికి సగం చుట్టు ఎందుకు రాదు? వెంట్రుకకు మొదలూ కొసా ఉన్నాయి. చుట్టు తిరిగొచ్చాక కొస మళ్లీ కొసగానే ఉండాలి, కాబట్టి పూర్తి చుట్లే కుదురుతాయి. వేలిగీతకు తలా తోకా లేవు. అటు తిప్పినా ఇటు తిప్పినా అదే గీత, కాబట్టి సగం చుట్టుకూ చోటుంది. ఒక పదార్థంలో ఏ రకం సుడులు పుట్టగలవో, దాని కణాలకు తలాతోకా తేడా ఉందా లేదా అన్న ఒక్క ప్రశ్నతో చాలామటుకు తేలిపోతుంది. తలమీద రెండు సుడులుంటే రెండు పెళ్లిళ్లని మనవాళ్లు అంటారు. పెళ్లిళ్ల సంగతి నాకు తెలియదు గానీ, రెండు సుడులున్న తలలో ఆ రెండిటి మధ్య వెంట్రుకలు రెండు వైపుల నుంచి ఎదురొచ్చి మరో రెండు వైపులకు చీలిపోయే చోటు ఒకటి ఉండి తీరుతుంది. దాని లెక్క −1. రెండు +1లు, ఒక −1 కలిసి, ఒక్క సుడి ఉన్న తల లెక్కే మిగులుతుంది.

ప్రతి వేలికొనలోనూ శంఖం కొసలూ ముక్కోణాలూ సమానంగా ఉంటాయి. శంఖానికి ఒకటీ ఒకటీ, చక్రానికి రెండూ రెండూ. గీతలు ఊరికే వంగి దాటిపోయే వేలికి రెండూ సున్నా. మొత్తం అరచేతికి వస్తే లెక్క ఇంకా అందంగా ఉంటుంది. అయిదు వేళ్లున్న చేతిలో ముక్కోణాలు ఎప్పుడూ శంఖాల కంటే నాలుగు ఎక్కువ (చక్రాన్ని రెండు శంఖాలుగా లెక్కపెట్టాలి). జన్యుశాస్త్రవేత్త లయొనెల్ పెన్‌రోజ్ 1960లలో ఈ లెక్క మీద పనిచేశాడు. ఆయన కొడుకు రోజర్ పెన్‌రోజ్ గీతల వ్యవస్థల టోపాలజీ (వంచినా సాగదీసినా మారని లక్షణాల గణితం) మీద 1979లో ఒక పరిశోధన పత్రం రాశాడు. 2020లో భౌతికశాస్త్ర నోబెల్ అందుకున్నది ఈ రోజరే. కూలిపని చేసే చేయైనా వీణ వాయించే చేయైనా ఈ నాలుగు మారదు. ఇంత కచ్చితంగా లెక్కకు నిలబడేదాన్ని లోపం అని ఎలా అంటాం?

ఈ గీతలు కడుపులో ఉండగానే ఏర్పడతాయి. ఎడిన్‌బరో విశ్వవిద్యాలయం వాళ్లు 2023లో ప్రచురించిన పని ప్రకారం గీతలు వేలిమీద మూడు చోట్ల మొదలవుతాయి. ఒకటి వేలికొన మెత్త మధ్యలో, ఒకటి గోరు కింద, ఒకటి కణుపు మడత దగ్గర. అక్కడి నుంచి అలల్లా పరుచుకుంటూ వచ్చి ఒకదానికొకటి ఎదురవుతాయి. పెంచే రసాయనం ఒకటి, ఆపే రసాయనం ఒకటి పోటీపడితే వాటంతటవే చారలు పుడతాయని అలన్ ట్యూరింగ్ 1952లో రాసిన సూత్రమే ఇక్కడ పనిచేస్తోంది. మూడు వైపుల నుంచి వచ్చిన అలలు కలిసేచోట ముక్కోణం తప్పదు. ఏ అల ముందు బయల్దేరింది, మెత్త ఎంత ఉబ్బి ఉంది అన్నదాన్ని బట్టి శంఖమో చక్రమో తేలుతుంది.

వేలిముద్రలో ఇంకో రకం చోట్లూ ఉన్నాయి. ఒక గీత మధ్యలోనే ఆగిపోతుంది, లేదా ఒక గీత రెండుగా చీలుతుంది. దీనికి ‘పంగ’ అనే మాట చక్కగా సరిపోతుంది. రేషన్ షాపులో వేలు పెట్టించుకునే మెషీను ప్రధానంగా పోల్చేది ఈ పంగలనూ కొసలనూ, అవి ఉన్న చోట్లనూ. చక్రమా శంఖమా అన్నది లక్షలమందికి ఒకేలా ఉంటుంది. మనిషిని మనిషి నుంచి విడదీసేది పంగలు పడిన చోట్లే. నాట్లు వేసి, బీడీలు చుట్టి, ఇటుకలు మోసి గీతలు అరిగిపోయిన చేతులకు ముద్ర పడకపోవడానికి కారణం కూడా ఇదే. గీత కనిపించకపోతే పంగ ఎక్కడుందో మెషీనుకు తెలియదు.

పంగకు ఇంగ్లీషులో డిస్‌లొకేషన్ అని పేరు. దాన్ని పెద్ద సైజులో చూడాలంటే వేసవిలో కాళేశ్వరం దగ్గరో మంథని దగ్గరో గోదావరి ఇసుక తిన్నెల మీదికి పొద్దున్నే వెళ్లండి. ఎండ ఏటవాలుగా పడితే ఇసుక మీది అలగీతలు స్పష్టంగా కనిపిస్తాయి. అన్నీ సమాంతరంగా సాగిపోతుండగా అక్కడక్కడ ఒక గీత రెండుగా చీలి ఉంటుంది. ఆ పంగకు ఒక పక్కన నిలబడి గీతలను అడ్డంగా లెక్కపెట్టండి. మళ్లీ అవతలి పక్కకు వెళ్లి, అంతే వెడల్పులో లెక్కపెట్టండి. ఒకటి తేడా వస్తుంది. గాలి ఎంత వీచినా ఆ పంగ జరుగుతుంది తప్ప ఉన్నచోట మాయం కాదు. అది పోవాలంటే తిన్నె అంచుదాకా జరిగి బయటికి పోవాలి, లేదంటే ఎదురు దిక్కుకు తెరుచుకున్న మరో పంగతో కలవాలి. గీతల సంఖ్య మారడానికి ఉన్న సులువైన దారులు ఈ రెండే.

సిరిసిల్ల సాంచాల (మరమగ్గాల) మీద పనిచేసేవాళ్లకు ఇది వేరే చెప్పాల్సిన పనిలేదు. పడుగులో ఒక పోగు తెగి, ఎవరూ గమనించకపోతే సాంచె నేస్తూనే పోతుంది. బట్ట మీద అక్కడి నుంచి ఒక గీత మొదలవుతుంది. పోగు మళ్లీ ముడివేసి ఎక్కించిన చోట ఆ గీత ముగుస్తుంది. ఆ రెండు కొసలూ ఒకదానికొకటి ఎదురు పంగలే. నేసిన బట్టలో దీన్ని ఒక్క చోట కుట్టి సరిచేయలేం. రఫ్ఫు చేసేవాడు ఈ కొస నుంచి ఆ కొసదాకా కొత్త పోగును పేక మధ్య దూర్చుకుంటూ పోవాలి. ఒక తేడా మాత్రం గుర్తుంచుకోవాలి. మగ్గం మీద వరుస బయటి నుంచి పెట్టింది. పోగులను ఎడంగా పట్టుకునే అచ్చు ఉంటుంది. ఇసుకలో, వేలిలో, స్ఫటికంలో వరుస దానంతటదే పుడుతుంది. అందుకే అక్కడ పంగలు కదులుతాయి, మగ్గం మీద కదలవు.

ఇప్పుడు వాకిట్లో ముగ్గు దగ్గరికి వద్దాం. ‘తొమ్మిది చుక్కలు, అయిదు వచ్చేదాకా సందు చుక్క’ అంటే నడిమి వరుసలో తొమ్మిది, దానికి పైనా కిందా సందుల్లో ఎనిమిది, ఏడు, ఆరు, అయిదు. మొత్తం 61. దీన్ని మధ్య చుక్క నుంచి చుట్లుగా లెక్కపెట్టండి. 1, తర్వాత 6, 12, 18, 24. నేల చదునుగా ఉంటే ప్రతి చుట్టుకూ సరిగ్గా ఆరు చుక్కలు పెరుగుతాయి. అంచు చుక్కలు వదిలేస్తే, ఏ చుక్కకైనా చుట్టూ ఆరుగురు పొరుగువాళ్లు. ఇందులో సుడి లేదు, పంగ లేదు.

ఇదే పనిని బతుకమ్మ మీద చేయండి. సిబ్బి మీద గుమ్మడాకులు పరిచి, కాడలు లోపలికి పెట్టి, పూలు చుట్లు చుట్లుగా పేర్చుకుంటూ పోతారు. పైకి పోయేకొద్దీ చుట్టు చిన్నదవుతుంది కాబట్టి పూలు తగ్గాలి. ఎన్ని తగ్గాలి? అడుగు వెడల్పును పక్కవాలు పొడవుతో భాగించి మూడుతో గుణిస్తే చాలు. అడుగు వెడల్పు 30 సెంటీమీటర్లు, పక్కవాలు కూడా 30 అయితే చుట్టుకు మూడు. అయిదు సెంటీమీటర్ల బంతిపూలైతే కింది చుట్టుకు 19 పడతాయి. ఆ పైన 16, 13, 10, 7, 4, చివర ఒకటి. ఏడు చుట్లతో వాలు సరిపోతుంది. పక్కవాలు వెడల్పుకు మూడింతలుండే పొడుగు బతుకమ్మకు చుట్టుకు ఒకటే తగ్గుతుంది. ఒక్కో పువ్వు తగ్గిన చోటల్లా రెండు నిలువు వరుసలు కలిసి ఒకటవుతాయి, అంటే అక్కడ ఒక పంగ ఉంది. తగ్గించకుండా అన్నే పెడితే పూలు ఒకదాన్నొకటి తోసుకుని చుట్టు బయటికి ఉబ్బుతుంది. ఒకేసారి ఎక్కువ తగ్గిస్తే సందుల్లోంచి ఆకు కనిపిస్తుంది. తగ్గించే మూడింటినీ ఎప్పుడూ ఒకే పక్కన తగ్గిస్తే అక్కడ నిలువుగా గీత పడుతుంది. చుట్టూ సమానంగా పంచితే కంటికి ఆనదు. గునుగు కట్టలు మెత్తగా ఒదిగిపోయి ఈ లెక్కను దాచేస్తాయి. బంతి, చామంతి దాచవు. సద్దుల బతుకమ్మ నాడు పద్మాక్షి గుట్ట దగ్గర నిలబడి చూస్తే ఈ లెక్క వేల సిబ్బుల మీద కనిపిస్తుంది. అక్కడ పంగలు లేని బతుకమ్మ ఉండదు, ఉంటే అది బతుకమ్మ కాదు, స్తంభం.

అదే సూత్రాన్ని పూర్తిగా మూసుకున్న బంతికి వర్తిస్తే, ఆరుగురు పొరుగువాళ్లకు బదులు అయిదుగురే ఉన్న చోట్లు పన్నెండు రావాలి. నలుపు తెలుపు ఫుట్‌బాల్ మీద నల్ల పంచభుజాలు పన్నెండే ఉంటాయి. కుట్టేవాడి ఇష్టం కాదది. ఎక్కడైనా ఏడుగురు పొరుగువాళ్లున్న చోటు వస్తే దానికి జోడీగా అయిదుగురు పొరుగువాళ్లున్న చోటు ఇంకొకటి కావాలి. తీసివేతల తర్వాత మిగిలేది ఎప్పుడూ పన్నెండే.

లోహాల్లో పంగలు చేసే పని తెలిస్తే వాటిని లోపాలనడానికి నోరు రాదు. ఒక పరమాణు వరుసను ఇంకో వరుస మీదుగా మొత్తంగా ఒక్కసారి జరపడానికి ఎంత బలం కావాలో 1926లో ఫ్రెంకెల్ లెక్కకట్టాడు. నిజం స్ఫటికాలు అందులో వెయ్యో వంతు, ఒక్కోసారి పదివేలో వంతు బలానికే లొంగిపోతాయి. ఎందుకో 1934లో టేలర్, ఒరొవాన్, పొలానీ ముగ్గురూ విడివిడిగా చెప్పారు. వరంగల్ కొత్తవాడలో నేసే పెద్ద జంపఖానాను గది అంతా పరిచాక జానెడు పక్కకు జరపాలంటే మొత్తం లాగితే కదలదు. ఒక అంచున మడత లేపి, ఆ మడతను అవతలి అంచుదాకా తోస్తే ఒక్కరితో అయిపోతుంది. లోహంలో ఆ మడతే పంగ. అది జరిగితేనే లోహం వంగుతుంది, సాగుతుంది.

కరీంనగర్ వెండి తీగపనికి తీగను కమ్మచ్చులో పెట్టి పెద్ద రంధ్రం నుంచి చిన్న రంధ్రానికి వరసగా లాగుతారు. కొన్ని రంధ్రాలు దాటాక తీగ బిరుసెక్కుతుంది. లాగుతున్నకొద్దీ కొత్త పంగలు పుట్టి, ఒకదానికొకటి చిక్కుపడి, ఎవరూ కదలలేని స్థితికి వస్తాయి. మెత్తబరిచిన లోహంలో చదరపు సెంటీమీటరుకు పది లక్షల నుంచి పది కోట్ల దాకా ఉండే పంగలు, బాగా లాగిన, బాగా కొట్టిన లోహంలో పదివేల కోట్ల నుంచి లక్ష కోట్ల దాకా చేరతాయి. ఆ స్థితిలో ఇంకో రంధ్రంలోకి లాగితే తెగిపోతుంది. అందుకే మధ్యలో 600 డిగ్రీల పైచిలుకు వేడికి, మసక ఎరుపు కనిపించేదాకా కాలుస్తారు. వెలుతురు తక్కువున్న చోట కాల్చాలి. ఎండలో ఆ మసక ఎరుపు కంటికి కనిపించదు, చూసేసరికి వేడి మించిపోతుంది. మించితే లోపలి రేణువులు పెద్దవై, తీగను వంచినప్పుడు పైతోలు గరుకుగా లేస్తుంది. వెండి 962 డిగ్రీల దగ్గర కరుగుతుంది కాబట్టి సన్న తీగకు ప్రమాదం దగ్గర్లోనే ఉంటుంది.

స్ఫటికం పెరగడానికీ పంగ కావాలి. చదునైన ముఖం మీద కొత్త పొర మొదలుకావడం చాలా కష్టం. ద్రావణం అవసరానికి మించి చాలా చిక్కగా ఉంటే తప్ప జరగకూడదని లెక్కలు చెప్పాయి. నిజానికి అవసరానికి ఒక్క శాతం మించిన చిక్కదనానికే స్ఫటికాలు పెరుగుతుంటాయి. స్ఫటికంలో మెలికపడ్డ పంగ ఒకటి ఉంటే, మినారు మెట్లలా పొర తిరుగుతూ పైకెక్కుతుంది, మెట్టు ఎప్పటికీ అయిపోదు, కొత్త అణువులు ఆ మెట్టు అంచున కూర్చుంటూ పోతాయని 1949లో చార్లెస్ ఫ్రాంక్ వివరించాడు. మరుసటి ఏడాదే బెరిల్ స్ఫటికాల మీద ఆ సుడిమెట్లను గ్రిఫిన్ కళ్లారా చూపించాడు. వరుసను పాడుచేస్తుందన్నదే ఇక్కడ వరుసను కడుతోంది.

ఇవి ఎలా పుడతాయన్నది నన్ను అన్నిటికంటే ఎక్కువగా కట్టిపడేసే భాగం. పెద్ద పొలంలో నాలుగు మూలల నుంచి నాలుగు ముఠాలు ఒకరినొకరు చూసుకోకుండా నాట్లు వేసుకుంటూ వస్తే, మధ్యలో వరుసలు కలవవు. ఎవరూ తప్పు చేయలేదు. ఒకరి దిశ ఇంకొకరికి తెలిసే లోపే పని అయిపోయింది. వేడిగా ఉన్న పదార్థాన్ని చల్లబరిస్తే వరుస ఇలాగే అనేక చోట్ల ఒకేసారి మొదలవుతుంది. తొందరగా చల్లబరిస్తే కబురు దూరం పోయే వ్యవధి ఉండదు, సుడులు ఎక్కువ. మెల్లగా చల్లబరిస్తే తక్కువ. విశ్వం పుట్టిన కొత్తలో ఇలా జరిగి ఉండొచ్చని టామ్ కిబుల్ 1976లో రాశాడు. దాన్ని ప్రయోగశాలలోని ద్రవ హీలియానికి అన్వయించవచ్చని వోయ్‌చెక్ జూరెక్ 1985లో చూపించాడు. 1991లో చువాంగ్, డ్యూరర్, టురొక్, యుర్కే, 1994లో బోవిక్, చందర్, షిఫ్, శ్రీవాస్తవ ఈ పనిని ద్రవస్ఫటికంలో, అంటే ద్రవంలా పారుతూనే అణువులు వరుసకట్టే పదార్థంలో, చేసి చూపారు. ద్రవస్ఫటికం ఖర్చు తక్కువ, కంటికి కనిపిస్తుంది. డిగ్రీ కాలేజీ ల్యాబులో చేయొచ్చు.

కావలసింది 5సీబీ అనే ద్రవస్ఫటికం, ఒక్క చుక్క. 1970ల మొదట్లో ఇంగ్లండులోని హల్‌లో జార్జ్ గ్రే బృందం తయారుచేసింది. సుమారు 24 నుంచి 35 డిగ్రీల మధ్య అది నెమాటిక్, అంటే కడ్డీల్లాంటి అణువులు ఒకే దిశకు వరుసకట్టిన ద్రవం. 35 దాటితే మామూలు ద్రవం. గ్రీకులో దారం అనే మాట నుంచి 1922లో జార్జ్ ఫ్రీడెల్ నెమాటిక్ అన్న పేరు పెట్టాడు. మైక్రోస్కోపులో కనిపించిన ఆ దారాలు సుడిగీతలే. అంటే ఆ పదార్థానికి పేరే సుడి నుంచి వచ్చింది.

గాజు పలకను ఐసోప్రొపైల్ ఆల్కహాలుతో కడిగి, గుడ్డతో తుడవకుండా ఆరనివ్వాలి. తుడిస్తే తుడిచిన దిశలోనే అణువులు వరుసకట్టి సుడులు తగ్గిపోతాయి. సబ్బుపొర మిగిలితే అణువులు పలక మీద నిట్టనిలువుగా నిలబడిపోయి అంతా నల్లగా కనిపించవచ్చు. చుక్క వేసి, పైన కవర్‌స్లిప్ పెట్టి, దాన్ని నొక్కకుండా వదలాలి. పలక కింద ఒక పోలరాయిడ్ (ఒకే దిశలో ఊగే కాంతిని మాత్రమే వదిలే పొర), కంటి దగ్గర ఇంకొకటి, రెండూ ఒకదానికొకటి అడ్డంగా. పాత కాలిక్యులేటర్ తెర నుంచి తీసిన పొర కూడా పనిచేస్తుంది. 40 డిగ్రీలకు వేడిచేస్తే చీకటి. చల్లారుతుంటే 35 దగ్గర వెలుగు చుక్కలు పుట్టి, కలిసి, నల్లటి కుంచె గీతలు తేలతాయి. ఒక బిందువు నుంచి రెండు కుంచెలు వస్తే అది 1/2 సుడి, నాలుగు వస్తే 1. గుర్తు తెలియాలంటే రెండు పోలరాయిడ్లనూ కలిపి ఒకే దిశలో తిప్పండి. కుంచెలు అదే దిశలో తిరిగితే ధనం, ఎదురు తిరిగితే రుణం. వీడియో ముందే మొదలుపెట్టి ఉంచుకోవాలి, ఎందుకంటే మొదటి కొన్ని సెకన్లలోనే చాలా సుడులు జంటలుగా కలిసి మాయమవుతాయి. ధనం, రుణం ఒకదానివైపు ఒకటి వస్తూ, దగ్గరయ్యేకొద్దీ వేగం పెంచుకుని, కలిసిన క్షణం ఆ చోట ఏమీ మిగలదు. ఫ్యాను గాలితో చల్లార్చినప్పుడూ, నిమిషానికి ఒక డిగ్రీ చొప్పున చల్లార్చినప్పుడూ తీసిన వీడియోలు పక్కపక్కన పెట్టి సుడులు లెక్కపెట్టండి.

మే నెలలో వరంగల్‌లో ఏసీ లేని గదిలో ఈ ప్రయోగం కుదరదు. గదే 35 దాటి ఉంటుంది, పదార్థం నెమాటిక్ కావడానికే ఒప్పుకోదు. పలక చీకటిగా ఉందని నమూనా పాడైందనుకుని పారేయకండి. డిసెంబరు, జనవరి ఉదయాలు దీనికి సరైన కాలం. పాత మైక్రోస్కోపుల్లోని వేడి బల్బు కూడా పలకను కాల్చేస్తుంది, ఎల్‌ఈడీ పెట్టుకోవాలి.

నా వాదనకు ఎదురు నిలిచే ఉదాహరణలు ఉన్నాయి, వాటిని దాటవేయను. ద్రవస్ఫటికంతో చేసిన టీవీ తెరలో సుడిగీత ఉంటే అక్కడ వెలుతురు కారుతుంది. అణువులు కొన్నిచోట్ల కుడికి, కొన్నిచోట్ల ఎడమకు మెలికపడితే ఆ రెండు ప్రాంతాల మధ్య గీత పడుతుంది. అందుకే మెలిక ఒకే వైపు పడేలా చేసే పదార్థాన్ని కొద్దిగా కలుపుతారు. సిలికాన్ చిప్పులకు పంగల్లేని స్ఫటికం కావాలి. దాన్ని సాధించిన తీరు చూడండి. 1950ల చివర్లో డాష్ అనే ఆయన స్ఫటికాన్ని కరుగు నుంచి లాగేటప్పుడు మొదట సన్నని మెడలా లాగాడు. ఆ సన్నని మెడలో పంగలు పక్క అంచుకు చేరి బయటికి పోయాయి. ఆ తర్వాత వెడల్పు చేశాడు. ఆయన పంగలను అక్కడికక్కడ సరిచేయలేదు, గోదావరి ఇసుకలోలాగే అంచు దాకా నడిపించి సాగనంపాడు. లోపం అనుకున్నవాడికి ఈ ఉపాయం తట్టదు.

ఇంకో చిక్కు కూడా ఉంది. మందమైన నెమాటిక్‌లో +1 సుడికి తప్పించుకునే దారి ఉంది. మధ్యలోని అణువులు పైకి లేచి నిలబడితే సుడి కేంద్రమే మాయమవుతుంది. 1/2 సుడికి ఆ దారి లేదు. కాబట్టి ఏ సుడి నిజంగా చెరగనిదో చెప్పాలంటే దిశలు కాగితం మీదికే పరిమితమా, మూడు వైపులా తిరగగలవా అన్నది ముందు చూడాలి. సుడి అన్న మాట ఈ తేడాను దానంతటదే చెప్పదు, పక్కన లెక్క రాయాల్సిందే.

జీవశాస్త్రంలో ఈ మధ్య వచ్చిన పని నా పక్షానే ఉంది. జీవకణాల పొరల్లో +1/2 సుడులున్న చోట కణాలు చచ్చి బయటికి నెట్టబడుతున్నాయని 2017లో చూపారు. ముక్క నుంచి మళ్లీ పూర్తిగా పెరిగే హైడ్రా అనే చిన్న నీటిజీవిలో కండరపు పోగుల సుడులు ఎక్కడున్నాయో అక్కడే నోరూ కాలూ ఏర్పడతాయని 2021లో చూపారు. హైడ్రా ఒళ్లంతా మూసుకున్న సంచీ లాంటిది, దాని మొత్తం లెక్క +2 కావలసిందే.

అందుకే పాఠ్యపుస్తకాల్లో ఈ అధ్యాయాన్ని పరిపూర్ణ స్ఫటికంతో మొదలుపెట్టి, చివర్లో రెండు పేజీల్లో ‘లోపాలు’ అని తేల్చేయడం మానాలంటాను. మొదటి రోజే స్టాంపు ప్యాడు, కాగితాలు, అగ్గిపెట్టె ఇవ్వండి. +1/2కు అర సుడి, −1/2కు ముక్కోణం, డిస్‌లొకేషన్‌కు పంగ, తప్పిపోయిన పరమాణువుకు మాత్రమే లోపం అని బోర్డు మీద రాయండి. ఒక్కొక్కరి అరచేయి అచ్చు తీయించి ముక్కోణాల్లోంచి శంఖాలు తీసేయమనండి. నాలుగు రాకపోతే ముందు వేళ్ల మొదళ్లు చూడండి, చూపుడువేలు నుంచి చిటికెనవేలు దాకా ఒక్కోదాని కింద సాధారణంగా ఒక ముక్కోణం ఉంటుంది. అవి సరిగ్గా ఉంటే మణికట్టు వైపు చూడండి. అరచేయి గుంట వల్ల అక్కడ కాగితానికి చేయి తగలదు, అయిదో ముక్కోణం అచ్చులో పడకుండా పోయేది అక్కడే. కాగితం కింద మడిచిన గుడ్డ పెట్టి మళ్లీ అద్దించండి.